గుండీల డబ్బాలో స్క్రూలు

బావగారికి మీ మరదలు దండం పెట్టి రాసేది.

ఫోన్లో చెబితే నవ్వేసి పెట్టేస్తారని ఉత్తరం రాస్తున్నాను. మీ పాత కంప్యూటరు పనిచేస్తోందని అక్క నోరు జారిందట. ఆదివారం వచ్చి పట్టుకెళ్తానన్నారట. కాస్త ఆగండి.

"ఎలాగూ చచ్చిపోయింది, విప్పుకుని నేర్చుకో" అంటూ ఇచ్చింది మీరే. కోచింగుకు వెళ్ళే స్తోమత నాకెక్కడిది? ఫోన్లో ఉచిత పాఠాలు చూస్తూ, కుట్టుమిషను పక్కన పెట్టుకుని విప్పాను. స్క్రూలు గుండీల డబ్బాలో వేశాను. ఏ భాగం ఎక్కడిదో గుడ్డ మీద గీసినట్టే సుద్దతో గుర్తులు గీశాను. మొన్న మెమరీ ముక్కను రబ్బరుతో తుడిచి, బిగించి, మీట నొక్కగానే ఫ్యాను రయ్యిమని తిరిగింది! కొలతలివ్వడానికి వచ్చినావిడ హడలిపోయి, "ఏమిటమ్మా ఆ చప్పుడు?" అంది. నేను టేపు మెడలో వేసుకునే గంతులేశాను.

కంప్యూటర్లు బాగుచేసే సర్టిఫికెట్టు పరీక్ష వచ్చే నెలే. ఫీజు కట్టేశాను. రెండోసారి కట్టే ఓపిక నా పర్సుకు లేదు. ఈ కంప్యూటరు మీరు పట్టుకెళ్తే నేను దేన్ని విప్పి బిగించను?

అయినా మీ మాట కాదనలేను. ఆదివారం తప్పకుండా రండి, భోంచేయండి, కంప్యూటరు తీసుకెళ్ళండి. కాకపోతే మీరెలా ఇచ్చారో అలాగే ఇస్తాను. మెమరీ ముక్క పీకి దాచేశాను, కంప్యూటరు మళ్ళీ చచ్చిపోయింది. ముక్క ఎక్కడ దాచానో ఈసారి అక్కకు చెప్పలేదు.

పరీక్ష పాసయ్యాక నేనే వచ్చి బిగిస్తాను. బావగారని రేటు మాత్రం తగ్గించను.