412వ నంబరు వస్తువులో ఉన్న మా ఇంటావిడ గొంతు

మ్యూజియముల శాఖ డైరెక్టరు గారి సముఖమునకు, బస్సు డిపోలో ముప్ఫై నాలుగేళ్ళు మెకానిక్కుగా చేసి రిటైరైనవాడు పెట్టుకొను అర్జీ.

అయ్యా,

విషయం: తమ శాఖ వారి చిన్న మ్యూజియం రెండో గదిలో, అద్దాల బీరువాలో, 412వ నంబరు వేసి ఉంచిన టేపు రికార్డరును అందులోని క్యాసెట్టుతో సహా ఈ నెల ముప్ఫయ్యో తారీఖులోగా నాకు తిరిగి ఇప్పించుట గురించి.

పై విషయమును పురస్కరించుకొని తమకు విన్నవించుకొనునది ఏమనగా, ఈ అర్జీని మొదట తమ ఆఫీసు గేటు పక్కన బల్ల వేసుకొని అర్జీలు రాసే పెద్దమనిషి చేత రాయించబోయాను. నా సంగతి సగం వినేసరికి ఆయన కలానికి మూత పెట్టేసి, అర్జీలో అంకెలుండాలి గానీ ఏడుపు ఉండకూడదు, నావల్ల కాదు పొమ్మన్నారు. అందుచేత అంకెలు వేసి నేనే రాసుకుంటున్నాను. మధ్యలో ఎక్కడైనా రెండోది కూడా కనబడితే మన్నించగలరు.

1. నా భార్య హైస్కూల్లో చరిత్ర చెప్పే టీచరు. మా చుట్టుపక్కల నాలుగైదు గంటల ప్రయాణంలో ఎవరూ పట్టించుకోని చిన్న మ్యూజియాలు, పాత కోటలు బోలెడున్నాయనీ, ఇద్దరం వరసపెట్టి చూసి రావాలనీ ఆవిడ కోరిక. పెళ్ళయిన మొదటి వేసవిలో అడిగింది. వేసవిలో బస్సులకు రేడియేటర్లు మరుగుతాయి, నాకు సెలవు దొరకదు, వచ్చే ఏడు చూద్దామన్నాను. మా కాపురం ఇరవై తొమ్మిదేళ్ళు. వచ్చే ఏడు అన్న మాట ఇరవై తొమ్మిది సార్లు అన్నాను. సెలవు దొరకలేదని పైన రాశాను గానీ, నేను అసలు అడగనే లేదని ఇందుమూలముగా ఒప్పుకొనుచున్నాను.

2. తరువాత ఆవిడకు జబ్బు చేసింది. ఇక లేచి తిరగడం ఉండదని డాక్టరు చెప్పిన రోజున, క్లాసులో వాడుకొనే టేపు రికార్డరు తెచ్చిపెట్టమంది. తెచ్చాను. పదకొండు రోజులపాటు నన్ను ఆస్పత్రి వరండాలో కూర్చోబెట్టి, తలుపు వేయించుకొని, అందులో మాట్లాడింది. రోజుకు నాలుగు నిమిషాల కన్నా ఊపిరి చాలేది కాదు. పన్నెండో రోజున దాన్ని నా చేతిలో పెట్టి, ఒక కాగితం ఇచ్చింది. దాని మీద ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు, ఎనిమిది చోట్ల పేర్లు ఉన్నాయి. తొమ్మిదో అంకె ఎదురుగా "చెబుతాను" అని మాత్రం ఉంది.

"ఏ చోటు సంగతి ఆ చోటులోనే వినాలి. ముందే విన్నారో, నాకు తెలిసిపోతుంది" అంది.

ఎలా తెలుస్తుందని నేను అడగలేదు. ఆవిడకు ఎప్పుడూ తెలిసిపోయేది. ఆ మాట అన్న ఆరు రోజులకు పోయింది. ఇప్పటికి పద్నాలుగు నెలలు.

3. నేను రిటైరైన మర్నాడే బయలుదేరాను. మొదటిది కొండ మీది కోట. మీట నొక్కాను. "ఏమండోయ్ స్పానరయ్యగారూ, గడియారం చూసుకోకండి. బస్సు ఎక్కడికీ పోదు" అంది. ఫిరంగిని అందరూ చూస్తారు, మీరు దానికి వీపు పెట్టి నిలబడండి, ఎదురుగా గోడకు మసి ఉంటుంది, మూడొందల ఏళ్ళ కిందట సిపాయిలకు వండిపెట్టిన వాళ్ళ పొయ్యి మసి అది అని చెప్పింది. ఉంది. వేలితో రాస్తే ఇంకా అంటుకుంటోంది.

రెండోది పాత జైలు, మూడోది తపాలా మ్యూజియం. నాలుగోది నూనె గానుగలు పెట్టిన మిల్లు. అక్కడ ఆవిడ, "ఈ పళ్ళచక్రాల సంగతి నాకు తెలీదు, ఇక్కడ మీరే చెప్పాలి" అని ఊరుకుంది. టేపు తిరుగుతోంది గానీ మాట లేదు. సరేనని నేనే మొదలుపెట్టాను. పెద్ద చక్రం ఎందుకు నెమ్మదిగా తిరుగుతుందో, చిన్నది ఎందుకు వేగంగా తిరుగుతుందో, ఏ పన్ను అరిగితే ఏమవుతుందో, అయిదు నిమిషాలు ఖాళీ గదిలో గట్టిగా చెప్పాను. అక్కడి వాచ్‌మన్ నాకు మతి పోయిందనుకొని మంచినీళ్ళు పట్టుకొచ్చాడు. నేను ముగించేసరికి టేపులోంచి, "ఇప్పుడు అర్థమైంది. ఇన్నేళ్ళూ ఇంట్లో ఇలా ఒక్కసారైనా చెప్పారా?" అంది. అయ్యా, నేను ఎంతసేపు మాట్లాడతానో కూడా ఆవిడ లెక్కగట్టి పెట్టింది.

4. అయిదోది తమ శాఖ వారి సదరు మ్యూజియము. రెండో గదిలో అతుకులు వేసిన ఒక కుండ ముందు ఆవిడ చెప్పినదంతా వింటిని. పిమ్మట టేపు రికార్డరును అచ్చట ఖాళీగా నున్న పీటపై నుంచి, కళ్ళజోడు తుడుచుకొని, పొరపాటున మరచి బస్సెక్కి పోయితిని. ఆ సాయంత్రమే మ్యూజియంలో ఏడాదికోసారి జరిగే వస్తువుల తనిఖీ అయ్యింది. రిజిస్టరులో నాలుగు వందల పదకొండు, గదుల్లో నాలుగు వందల పన్నెండు. ఒకటి తగ్గితే గుమాస్తా ఉద్యోగం ఊడుతుంది, ఒకటి పెరిగితే సంజాయిషీ రాయాలి. సంజాయిషీ తప్పించుకోవడానికి ఆయన రిజిస్టరులో ఇంకో వరస రాసేశారు. మర్నాడు పొద్దున నేను పరుగెత్తుకొచ్చేసరికి అది అద్దాల బీరువాలో ఉంది, బీరువాకు సీలు ఉంది, కింద చీటీ ఉంది: "పాతకాలపు స్వరయంత్రము. గుర్తు తెలియని స్త్రీ ప్రసంగము. దాత: అజ్ఞాత వ్యక్తి." జనం కోసం బీరువా బయటికి తీగలు లాగి రెండు బటన్లు కూడా బిగించారు. ఎర్రది నొక్కితే మాట్లాడుతుంది, నల్లది నొక్కితే వెనక్కి తిరుగుతుంది.

5. మ్యూజియం ఇన్‌ఛార్జి గారిని నేను ఇప్పటికి పందొమ్మిది సార్లు కలిసితిని. ఆయన చెడ్డవారు కారు, కుర్చీ వేసి కూర్చోబెడతారు. ఆయన చెప్పు అభ్యంతరములు మూడు. మొదటిది, అది మరచిపోయిన వస్తువు కాదు, దానం చేసిన వస్తువు. నేను దాన్ని పీట మీద పెట్టి అరగంట సేపు చూస్తూ కూర్చోవడం టికెట్లిచ్చే ఆవిడ చూసిందట, మరచిపోయేవాడు అరగంట చూస్తాడా అని అడిగారు. అలసిపోయి కూర్చున్నానని జవాబు చెప్పితిని. రెండవది, టేపులో పిలిచేది స్పానరయ్యను, నా గుర్తింపు కార్డులో ఆ పేరు లేదు. ఏ పెళ్ళాం పెట్టిన పేరు ఏ కార్డులో ఉంటుందో తమరే సెలవివ్వాలి. మూడవది, యాజమాన్య నిరూపణ పత్రంలో ఏడో గడి. అందులో వస్తువు లోపల ఉన్నదంతా పూర్తిగా వివరించాలి.

ఈ ఏడో గడి దగ్గరే నా ప్రాణం పోతోంది. అయిదు చోట్ల సంగతి నేను అక్షరం పొల్లుపోకుండా రాయగలను. మిగిలిన నాలుగూ నేను వినలేదు. ఇన్‌ఛార్జి గారు ఎంతో తేలిగ్గా, "దానిదేముందండీ, ఎర్ర బటను నొక్కండి, వినండి, రాసుకోండి" అన్నారు. నేను మాటిచ్చాను, ముందే విననని చెప్పితిని. "ఊళ్ళో వాళ్ళంతా విన్నారండీ, మీరొక్కరేగా వినంది" అన్నారు.

నిజమేనయ్యా. అందరూ విన్నారు.

6. నేను ఆ ఊళ్ళోనే గది తీసుకొని, నలభై మూడు రోజులుగా ప్రతిరోజూ మ్యూజియం తలుపు తీసినప్పటి నుంచి వేసేదాకా ఆ బీరువా పక్కనే బెంచీ మీద కూర్చుంటున్నాను. ఎవరైనా ఎర్ర బటను నొక్కితే కోట, జైలు, తపాలా, మిల్లు, కుండ దాకా నేనూ వింటాను. "ఇక పదండి, ఇంకా బోలెడుంది" అని ఆవిడ అనగానే రెండు చెవుల్లో దూది కుక్కుకుంటాను. ఆ పైన జనం ముఖాలు మాత్రం కనబడతాయి. ఒకచోట అందరూ నవ్వుతారు. ఎందుకో నాకు తెలియదు. చివరికి వచ్చేసరికి ఆడవాళ్ళు నా వైపు తిరిగి చూస్తారు, మగవాళ్ళు గోడ వైపు చూస్తారు. మొన్న ఒక పెద్దాయన నా భుజం మీద చెయ్యి వేసి, "బాబూ, ఆ తొమ్మిదోది..." అని మొదలుపెట్టాడు. నేను మెట్ల దాకా పరుగెత్తాను. అరవై దాటినవాణ్ణి, మోకాళ్ళ నొప్పులవాణ్ణి.

మా అమ్మాయి వచ్చి చూసి, ఇదేం చోద్యం నాన్నా అని, ఫోనులో రికార్డు చేయబోయింది. అక్కడ రికార్డింగు నిషేధమని బోర్డు ఉంది. ఫోను తీసుకొని సాయంత్రం దాకా ఇవ్వలేదు. మా అమ్మ గొంతు నేను తీసుకోవడానికి పర్మిషనేమిటని అది ఇన్‌ఛార్జి గారితో గొడవ పెట్టుకుంది. నేనే సర్దిచెప్పి బండెక్కించాను.

7. ఇకపోతే అసలు భయము. ఈ నెల ముప్ఫయ్యో తారీఖున మ్యూజియం మరమ్మతులకు మూసివేసి, వస్తువులన్నిటినీ పెట్టెలలో సీలు చేసి పెద్ద గోదాముకు పంపుతారట. మళ్ళీ ఎప్పుడు తెరుస్తారని అడిగితే ఇన్‌ఛార్జి గారు ఫ్యాను వైపు చూశారు. క్యాసెట్టు పచ్చడి జాడీ కాదయ్యా, ఏళ్ళ తరబడి మూతపెట్టి దాచడానికి. చెమ్మ తగిలితే రీలుకు రీలు అంటుకుపోతుంది. నేను చదువుకున్నవాణ్ణి కాను గానీ, తిరిగే వస్తువు తిరగకపోతే ఏమవుతుందో నాకు తెలుసు.

8. కావున ఏడో గడి నిమిత్తము నాకు తోచిన ఉపాయము చేసితిని. టికెట్లిచ్చే ఆవిడ ఆ టేపును రోజుకు పదిసార్లు వింటుంది. పాపం, ఆవిడే ఒక ఆదివారం కూర్చొని ఆరు నుంచి తొమ్మిది దాకా మొత్తం కాగితాల మీద రాసి, కవరులో పెట్టి, అంటించి ఇచ్చింది. సదరు కవరు ఈ అర్జీకి జతపరచడమైనది. తమరు మాత్రమే విప్పి, టేపుతో సరిచూసుకొని, నాదే అని తేల్చవలసినది. రాసిన ఆవిడను నేను ఏమీ అడగలేదు. కాకపోతే కవరు అంటించే ముందు లెక్కపెట్టిందిట, ఆరు, ఏడు, ఎనిమిది కలిసి అయిదు పేజీలు, తొమ్మిదోది ఒకటే వాక్యం అని నోరు జారింది. మా ఆవిడ ఒక వాక్యంతో ఆపడం నేనెరగను.

విచారణకు నన్ను పిలిపించిన యెడల వెంటనే హాజరు కాగలవాడను. ఒక్క ప్రార్థన. అది చదివిన తరువాత నన్ను చూసినప్పుడు తమ ముఖంలో ఏమీ కనబడనివ్వవద్దు.

పై అంశములన్నియు దయతో చిత్తగించవలెను, చిత్తగించి ముప్ఫయ్యో తారీఖు దాటకుండా ఆర్డరు వేయవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
టేపులో స్పానరయ్య, కార్డులో వేరే పేరు

తా.క. అయ్యా, ఈ అర్జీ పెట్టి అంటించిన పై కవరు మళ్ళీ చింపి ఇది రాస్తున్నాను. నాలుగో అంశంలో పొరపాటున మరచితిని అని రాసింది అబద్ధం. టికెట్లావిడ చూసిందే నిజం. కావాలనే పెట్టాను. అయిదు చోట్లు అయిపోయాయి, ఇంకా నాలుగే ఉన్నాయి, వారం తిరిగేసరికి ఆవిడ మాటలు అయిపోతాయి, ఆ తరువాత నాకు వినడానికి ఏముంటుంది అని అరగంట ఆలోచించాను. ఇక్కడ పెట్టేసి పోతే, నాకు చెప్పాల్సిన మాట ఎక్కడో ఒకచోట ఇంకా మిగిలే ఉంటుంది కదా అనిపించింది. బస్సెక్కాను. రెండో స్టాపులో దిగి వెనక్కి పరుగెత్తాను, అప్పటికే తలుపులు వేసేశారు. ఆ మూసిన తలుపు ముందు నిలబడితే తెలిసింది, ఆవిడతో ముప్ఫయ్యోసారి వచ్చే ఏడు అన్నానని.

దీన్ని చదివాక తమరు కూడా దానమే అంటారు. అనండి. గోదాముకు పంపితే పంపండి, నేను అడ్డం పడుకోను. కానీ ఒక్క పని చేయనివ్వండి. లోపల రబ్బరు బెల్టు సాగిపోయింది, వారం రోజులుగా టేపు నెమ్మదిగా తిరుగుతోంది. ఆవిడ గొంతు మగవాడి గొంతులా వస్తోంది. జనం అదే ఆవిడ గొంతనుకొని వెళ్ళిపోతున్నారు. ఆవిడ గొంతు అది కాదయ్యా. కొత్త బెల్టు కొలత చూసి తెచ్చి నా చొక్కా జేబులో పెట్టుకున్నాను. సీలు తీయించి, మీ మనిషిని పక్కన నిలబెట్టుకోండి. పది నిమిషాల పని. దూది పెట్టుకొనే చేస్తాను.