దుమ్ము పాటలో చిక్కు

ఆదివారం, భోజనాలయ్యాక

బావకు,

అలక ఇంకా పూర్తిగా తీరని బావమరిది నమస్కరించి రాయునది. ఇక్కడ నేను, నీ చెల్లెలు, పిల్లది క్షేమంగానే ఉన్నాం. అక్కడ నువ్వు, అక్క, మీ కళ్ళజోళ్ళ దుకాణం చల్లగా ఉన్నారని తలుస్తాను. బావమరిది బతుకు కోరతాడని సామెత ఉండనే ఉంది కాబట్టి, నీ మీద ఎంత కోపమున్నా నీ క్షేమం కోరక తప్పడం లేదు.

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరమేమిటని నువ్వు అక్కతో అంటూ ఉంటావు. మొదటి కారణం నీకు తెలిసిందే. వానలు మొదలవకముందు మన దుమ్ము బ్యాండ్ వాళ్ళ కొత్త రికార్డు గురించి వాదించుకుంటూ, "నీ తెలివి ఎవరికైనా చూపించుకో" అన్నావు. నేను ఫోన్ పెట్టేశాను. తర్వాత నువ్వు చేసినా తియ్యలేదు. ఇన్నేళ్ళలో మనం తిట్టుకోని తిట్టు లేదు గానీ, అవన్నీ నవ్వుతూ తిట్టుకున్నవి. ఈ మాట నువ్వు నవ్వకుండా అన్నావు. నెమ్మదిగా, మాటకీ మాటకీ మధ్య ఎడం ఇచ్చి మరీ, రెండుసార్లు అన్నావు. నోరు జారితే ఒకసారి జారుతుంది గానీ రెండుసార్లు జారదు కదా బావా.

రెండో కారణం, ఆ గొడవకి ముందు నుంచే ఫోన్లో నీ మాట నాకు సగం అర్థం కావడం లేదు. ఆ కొత్త పళ్ళసెట్టు పెట్టించుకున్నప్పటి నుంచీ నువ్వు గొణుగుతున్నావు. ఫోన్ స్పీకర్‌లో పెట్టుకుని విన్నా అదే తంతు. నువ్వు ఒకటంటే నేను ఇంకోటి అనుకుని మళ్ళీ గొడవపడడం కన్నా, కాగితం మీద అయితే ఎవరూ గొణగలేరని దీనికి దిగాను.

మనకి చుట్టరికం కలిపిందే దుమ్ము. అప్పటికి ఆ బ్యాండ్ పేరు నలుగురికీ తెలియదు. వాళ్ళు వాయించే ఫంక్ సంగీతం అంటే ఏమిటో అసలే తెలియదు. మనం మొదటిసారి కలిసిన ఆ కచేరీ హాల్లో కరెంటు పంకాలు కూడా సరిగ్గా తిరగడం లేదు. ఉక్కపోతలో నేను ఊగుతుంటే వెనక నుంచి ఎవడో నా భుజం మీద వేలితో టకటకా కొడుతున్నాడు. నా భుజమేమన్నా నీ సొత్తా, చెయ్యి తియ్యమని తిరిగి చూస్తే నువ్వు. తియ్యలేదు సరికదా, చిక్కు ఎక్కడ పడుతోందో చూడమని నాకే పాఠం చెప్పావు. తర్వాత రికార్డులు వినడానికి మా ఇంటికి రావడం మొదలుపెట్టావు. నువ్వు రికార్డుల కోసం రావడం లేదనీ, అక్క కోసం వస్తున్నావనీ వీధి వీధంతా తెలిశాక ఆఖరున తెలిసింది నాకే.

ఆ చిక్కు అనే మాట నీదే. బేస్ గిటారు దుంబదుంబమని కింద నడుస్తుంటే, దుమ్ము డ్రమ్మరమ్మ తన ఎడమ పక్కన ఒకదాని మీద ఒకటి బోర్లించిన జంట ఇత్తడి పళ్ళేల మీద పుల్లతో వేసే సన్నటి చిక్కుచిక్కు. బేస్ నడుము ఊపుతుంది, చిక్కు దాన్ని ఎక్కడ ఆపాలో చెప్తుంది అని నువ్వు అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేవాడివి. ఆ చిక్కు అంటే మనం చెవి కోసుకునేవాళ్ళం. ప్రతి కచేరీలోనూ నువ్వు నా వెనకే నుంచుని నా భుజం మీద దాన్ని వేసేవాడివి. నా చొక్కాలన్నీ ఆ భుజం దగ్గరే ముందు పలచబడేవి.

అలాంటి దుమ్ము, కొత్త రికార్డులో ఒంటి మీది దుమ్మంతా దులిపేసుకుంది. ట్రంపెట్ బదులు సింథసైజర్ అట. డ్రమ్ముల బదులు కంప్యూటర్ అట. అదీ ఓర్చుకుందును. కానీ చిక్కు తీసేశారు. మొదటి పాట మొదలైంది, దుంబదుంబ వచ్చింది, నడుము కూడా ఊగబోయింది. తీరా ఆగాల్సిన చోటుకి వచ్చేసరికి అక్కడ ఎవరూ లేరు. మెట్టు ఉందనుకుని కాలు వేస్తే లేనట్టు అయింది. రికార్డు తిప్పి విన్నాను. రెండో పక్కా అంతే. ఆ సాయంత్రమే నీకు ఫోన్ చేస్తే, నువ్వేమో చిక్కు ఉందన్నావు. ఉండడం కాదు, పాతవాటిలో కన్నా ఎక్కువే ఉందన్నావు. అక్కడి నుంచి మాటా మాటా పెరిగి నా తెలివి దాకా వచ్చింది.

నా వాదన నీకు తెలుసు. మేకుల ఫ్యాక్టరీలో పొద్దస్తమానం మెషిన్ల మధ్య నిలబడేవాణ్ణి. తీగ లోపలికి వెళ్తుంది, మేకు బయటికి వచ్చి రేకు తొట్టెలో పడుతుంది. షిఫ్టంతా అదే మోత. కంపెనీ వాళ్ళిచ్చిన చెవి బిరడాలు నూనె సీసాకి బాగా సరిపోయాయి. అంత మెషిన్ వినొచ్చినవాడు ఇంటికొచ్చి కూడా మెషిన్ పాటే వినాలా? మనిషి చెయ్యి వినాలని ఉండదా? ఇది న్యాయమైన మాటే కదా. దీనికి తెలివి చూపించడమని పేరు పెట్టాల్సిన అవసరమేముంది?

ఇప్పుడిక్కడ అభిమాన సంఘం రెండు ముక్కలైంది. పాత దుమ్ము, కొత్త దుమ్ము. సైకిల్ షాపు మేడ మీద గదిలో ఇటు వరసలో మేము, అటు వరసలో వాళ్ళు. మాకు పెద్ద, రిటైరైన పోస్ట్‌మాన్. అందరూ ముసలి బూటు అంటారు, గుర్తుంది కదా. వాళ్ళకి పెద్ద ఒక కాలేజీ పిల్ల. దుమ్ము కొత్త రికార్డు మన కళ్ళు తెరిపించిందని ఆ పిల్ల అంటే, తెరిపించలేదమ్మా, కళ్ళల్లో దుమ్ము కొట్టిందని బూటు అన్నాడు. మా వరసంతా చప్పట్లు. ఎన్నేళ్ళున్నా అదే చెమట పట్టాలంటే ఎలా, వాళ్ళూ మనుషులే కదా, కొత్త ఆట ఆడుకోవద్దా అని ఆ పిల్ల అడిగింది.

కానీ అసలు అయోమయం అక్కడ కాదు. బూటు లేచి కొత్త రికార్డు మీద నేరాలు చదివాడు. వాటిలో మొదటిది, చిక్కు మరీ ఎక్కువైపోయిందట. పంటి కింద ఇసుకలా కరకరలాడుతోందట. మా వాళ్ళందరూ తలలూపారు. నేను లేచి, ఎక్కువవడమేమిటి, అసలు లేదు కదా అన్నాను. బూటు నా వైపు చూశాడు. కాలేజీ పిల్లా చూసింది. ఒక పక్షాన కూర్చున్నవాళ్ళం, ఒకే రికార్డు వద్దంటున్నవాళ్ళం, ఒకరం ఉందని వద్దంటున్నాం, ఒకరం లేదని వద్దంటున్నాం. నాకు తిక్క రేగింది. మీకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే అన్నాను. ఎప్పుడూ ఆ మాటకి ఎవరో ఒకరు ఎదురు తిరుగుతారు. ఆ రోజు మాత్రం కాలేజీ పిల్ల లేచి నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

ఇంటికొచ్చి పాత రికార్డు పెట్టాను. చిక్కు ఉంది. స్పష్టంగా, ఎక్కడ పడాలో అక్కడే పడుతోంది. కొత్తది పెట్టాను. లేదు. మళ్ళీ పాతది, మళ్ళీ కొత్తది. పిల్లది వచ్చి ప్లేయర్ ఆపేసి పోయింది. ఇక నా చెవుల్ని నేను నమ్మాలా, ఊరందరి మాట నమ్మాలా?

లోకమే మెత్తబడిపోయింది బావా. ఫ్యాక్టరీలో కొత్తగా చేరినవాళ్ళు నోరు తెరవకుండా మాట్లాడతారు. మా ఇంట్లో నీళ్ళు మరిగితే ఈల వేసే కెటిల్ ఉందా, అది ఈల మానేసింది. పాడైందని ఇంకోటి తెచ్చాను. అదీ అంతే. నీ చెల్లెలేమో వేస్తోంది కదండీ అని పొయ్యి కట్టేస్తుంది. ఆవిడ కూడా కొత్త దుమ్ము పక్షంలో చేరిందేమోనని నా అనుమానం.

ఇక అసలు సంగతి. దుమ్ము వాళ్ళు కచేరీకి మా ఊరొచ్చారు. మధ్యాహ్నం మైకులూ అవీ సరిచూసుకునేటప్పుడు సంఘం వాళ్ళని లోపలికి రానిచ్చారు. బూటు నన్ను ముందుకి తోసి, ఈయన చిక్కు లేదంటున్నాడని డ్రమ్మరమ్మకి చెప్పాడు. మనిషి పెద్దదైపోయింది బావా, జుట్టంతా నెరిసింది. అయినా నవ్వు అదే. కొత్త రికార్డులో చిక్కు మెషిన్‌ది కాదట. తనే వాయించి, దాన్ని ముక్కలు కోసి కంప్యూటర్‌కి ఇచ్చిందట. చూడండి అని ఆ జంట పళ్ళేల మీద పుల్లతో వేసింది.

పుల్ల పడడం నేను చూశాను. పళ్ళెం అంచు వణకడం చూశాను. పుల్ల తగిలిన టకటక తప్ప ఇంకేమీ రాలేదు. పళ్ళేల కింద గుడ్డ పెట్టారేమోనని వంగి చూశాను. గుడ్డ లేదు. అందరూ నా ముఖం వైపే చూస్తున్నారు. అందరూ కలిసి నా చెవిలో పువ్వు పెడుతున్నారని అర్థమై, నేనూ తగ్గకుండా నవ్వి, బాగుందమ్మా, బాగా వాయించావు అన్నాను.

ఆమె మాత్రం నవ్వలేదు. పుల్లలు ఒళ్ళో పెట్టుకుని, నేనేం పని చేస్తానని అడిగింది. మేకుల ఫ్యాక్టరీ అన్నాను. ఎన్నాళ్ళ నుంచి అంది. మీ మొదటి రికార్డు కన్నా ముందు నుంచి అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు. అంతమంది అభిమానుల్లో నా చెయ్యే ఎందుకు పట్టుకుందో నాకు తెలియలేదు. అప్పుడు సంతోషించాలో భయపడాలో కూడా తెలియలేదు. సాయంత్రం కచేరీకి ఉండబుద్ధి కాక ఇంటికొచ్చేశాను. దుమ్ము కచేరీ విడిచిపెట్టి రావడం నా జన్మలో అదే మొదలు. భుజం వెలితిగా అనిపించింది.

ఈ చిక్కు నువ్వే తియ్యాలి. నువ్వు చెప్తే నమ్ముతాను, ఎందుకంటే చిక్కు నాకు చూపించింది నువ్వే. కాకపోతే ముందు నా తెలివి గురించి అన్న మాట వెనక్కి తీసుకో. తీసుకున్నానని ఒక్క ముక్క రాయి. నేను ఫోన్ తీస్తాను. అంతకు మించి దిగి రాలేను.

అక్కకి నా దండాలు చెప్పు.

ఇట్లు,
నీ మీద కోపంగా ఉన్న,
నీ బావమరిది

తా.క. ఉత్తరం అయిపోయాక, అక్కకి రెండు ముక్కలు రాయమని నీ చెల్లెలికి ఇచ్చాను. ఆవిడ మొదటి పేజీ దాటలేదు. మీరు ఇందుకా ఇన్నాళ్ళూ ఫోన్ తియ్యనిది అని అడిగింది. ఆ రోజు ఫోన్ స్పీకర్‌లో ఉంది కదా, నువ్వన్నది తనూ వింది. నా ఎదురుగా కూర్చుని, నా ముఖంలోకి చూస్తూ గట్టిగా చెప్పింది.

"నీ చెవి ఎవరికైనా చూపించుకో. అన్నయ్య అన్నది అదండీ. తెలివి కాదు, చెవి."

చెవి గురించి అన్నందుకే నాకు రోషం వచ్చిందనుకుని, ఆవిడా ఆ ఊసు మళ్ళీ ఎత్తలేదట.

మర్నాడే వెళ్ళి చూపించుకున్నాను బావా. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి డిప్పలు పెట్టి, చప్పుడు వినపడ్డప్పుడల్లా మీట నొక్కమన్నారు. మొదట లావు చప్పుళ్ళు వచ్చాయి, నొక్కాను. తర్వాత ఏమీ రాలేదు. చాలాసేపు చూసి, మిగతాది ఎప్పుడు మొదలుపెడతారని అడిగాను. అయిపోయిందండీ అంది పరీక్ష చేసే అమ్మాయి. సన్నటి చప్పుళ్ళు నాకిక లేవట. మాటల్లో కూడా చ, స, శ లాంటివి జారిపోతాయట, మిగిలినదాన్ని మనసే ఏదో ఒకటి పెట్టి పూడ్చుకుంటుందట. నాకు దొరికింది తెలివి. మరి పాత రికార్డులో చిక్కు వినిపిస్తోంది కదా అన్నాను. అది మీకు జ్ఞాపకం ఉందండీ, వినిపించడం లేదు అంది.

చెవికి మెషిన్ పెడతారట. మెషిన్ పాట వద్దన్నవాణ్ణి, ఇక ఏ పాటైనా మెషిన్‌లోంచే వినాలి. అయినా చిక్కు మునుపటిలా వస్తుందన్న హామీ లేదట. నేను పాత దుమ్మో కొత్త దుమ్మో ఇప్పుడు నాకే తెలియదు. కొత్త రికార్డు నాకు నచ్చలేదా, వినపడలేదా? ఎవరినడిగి తెలుసుకోను?

నువ్వు అన్న మాట వెనక్కి తీసుకోనక్కర్లేదు. బయల్దేరి రా. కొత్త రికార్డు పెడదాం. నువ్వు నా వెనక కూర్చుని, చిక్కు పడిన చోటల్లా నా భుజం మీద కొట్టు. ఈసారి చెయ్యి తియ్యమనను.