వంటింటి గుమ్మానికి ఉప్పు ముద్ద

అయ్యా,

ప్రాచీన కట్టడాల సంరక్షణాధికారి గారి సముఖమునకు వాల్దోరియా గ్రామ కాపురస్థుడు గిలియెమ్ సెర్రాదెల్ వ్రాసుకొను అర్జీ.

విషయం: మా ఇంటిలోపలి రోమనెస్క్ శైలి (మధ్యయుగపు రాతి కట్టడపు తీరు) చాపెల్ గుమ్మమును జానెడు మేర వెడల్పు చేయుటకు అనుమతి కోరుట గురించి (ఇదివరకు కోరినదే, మళ్లీ).

1. మా ఇంటి నడుమ పాతకాలపు చాపెల్ (చిన్న ప్రార్థనా మందిరము) తాలూకు గుండ్రని గోడ, కమాను, ఒక ఇరుకు గుమ్మము మిగిలియున్నవి. ముత్తాతల నాటి నుండి అది మా వంటిల్లు. సదరు కట్టడమును తమరు రక్షిత జాబితాలో చేర్చినందుకు మాకు అభ్యంతరము లేదు.

2. మా అమ్మ రెమెయ్ గారు తుంటి విరిగి చక్రాల కుర్చీలో ఉన్నారు. ఇంటిలోపల ఆమె గది నుండి వంటింటికి ఆ గుమ్మమొక్కటే దారి. కుర్చీ పట్టదు. కావున ఆమెను వీధిలోకి తీసి, ఇల్లు చుట్టి, పెరటి తలుపున వంటింట్లోకి చేర్చవలసి వచ్చుచున్నది. వానైనా అంతే, మంచైనా అంతే. తమ ఇన్‌స్పెక్టరు ఓరియోల్ గారు తనిఖీకి వచ్చిన రోజున, గొడుగు కింద ఆమెను చూసి "ఏం అవ్వా, షికారా?" అన్నారు. "షికారా, నా బొందా! మా వంటింటికి భోజనానికి పోతున్నా నాయనా. నువ్వూ రా, సూప్ ఉంది" అన్నది అమ్మ. ఆయన వచ్చారు. మారు వడ్డించుకున్నారు కూడా.

3. తిన్న పిమ్మట "గుమ్మము కుడి పక్క అరుదైన మధ్యయుగపు పూత కలదు, తాకరాదు" అని వ్రాసి వెళ్లినారు. అయ్యా, అది పూత కాదు, ఉప్పు. ఈస్టరు ముందు ఫాదరు గారు ఇల్లిల్లూ దీవించి, ఉప్పూ పిండీ కలిపిన ముద్ద వీధి గుమ్మానికి అంటించడం మా ఊరి ఆచారము. పాతది గీకకూడదు, దాని మీదే కొత్తది. మా అమ్మ మాత్రం ఏటా ఆయన్ని చెయ్యి పట్టి లోపలికి లాక్కొచ్చి, "ఇదీ గుమ్మమే కదండీ, దీనికేం పాపం?" అని దీనికీ పెట్టించేది. ఇప్పుడు దాన్నే తాకరాని పూత అన్నారని చెబితే, "అయితే నా దారికి నేనే అడ్డం పెట్టుకున్నానన్నమాట" అని పడీపడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

4. ఇదంతా ఓరియోల్ గారికి ఫోనులో విన్నవించితిని. "పరీక్షకు పంపాలి, టైం పడుతుంది" అన్నారు. నాకి చూడండి, తెలిసిపోతుంది అన్నాను. ఫోను పెట్టేశారు.

ఎడమ పక్క పొయ్యి గోడ గనుక కుడివైపే రాళ్లు తీయవలెను. తీసిన రాళ్లు తమరే పట్టుకుపోవచ్చును. కుర్చీ తోసి తోసి నా నడుము పడిపోయినది. కోపం కూడా పోయింది, ఇక ఓపిక అడగకండి. దయయుంచి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
గిలియెమ్ సెర్రాదెల్

తా.క.: ఇది మడిచి కవరులో పెడుతుంటే అమ్మ గదిలోంచి కేకేసింది. "ఎవర్నీ బతిమాలకురా. రేపట్నుంచి నన్ను తిప్పొద్దు. నాకంత ఆకలేం వెయ్యట్లేదు" అంది. అయ్యా, మా అమ్మ ఆకలి లేదనడం నేను పుట్టి ఎరగను. పరీక్షలు తర్వాత చేసుకుందురు, ముందు మీరొకసారి రండి.