తిన్నగా ఉన్న అక్షరాలు

ప్రియమైన అక్కా,

ఈసారి కళ్లజోడు చాలదు, భూతద్దం పెట్టుకో. పోస్టాఫీసులో ఇరవై ఏళ్లుగా లోకంలోని కోడిగీతలన్నీ చదివి కవర్లు సర్దుతున్నావు కదా, తమ్ముడి గీతలు నీకో లెక్కా! ఫోనుండగా ఈ ఉత్తరాలేంటని నీ మరదలు దెప్పుతోంది. ఆసుపత్రిలో ఫోనివ్వని రోజుల్లో మొదలైన అలవాటు, నాకు వదలబుద్ధి కాదు.

చెయ్యి వణుకుతోందక్కా. ఆర్నెల్లుగా ఉంది, ఇప్పుడు ఎక్కువైంది. మొన్న కళ్లజోళ్ల షాపుకి బోర్డు రాశాను. ఓనరు తన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, "భూకంపంలో గానీ రాశావా?" అన్నాడు. అందరితో పాటు నేనూ నవ్వాను. ఇంటికొచ్చి ఏడ్చాను. ఇది రోజూ మింగే ఆ బిళ్ల వల్లేనని తెలుసు. డాక్టరమ్మకి చెప్తే మళ్లీ ఆసుపత్రిలో పడేస్తుందేమోనని చెప్పలేదు. బోర్డులు రాసేవాడికి చెయ్యే పోతే ఇంకేం మిగిలింది?

నీ తమ్ముడు

---

ఒరేయ్ కుంచెగా,

నీ ఉత్తరం గుక్క తిప్పుకోకుండా చదివేశాను. మాకొచ్చే కవర్ల మీద ఇంతకన్నా ఘోరాలుంటాయి.

ఆరేళ్ల కిందటి సంగతి నువ్వు మర్చిపోయావేమో, నేను చచ్చినా మర్చిపోను. వారం రోజులు కంటిమీద కునుకు లేకుండా తిరిగి, ఆకాశానికి బోర్డు రాస్తానంటూ రంగు డబ్బాతో నీళ్ల ట్యాంకు ఎక్కావు. నడుముకి తాడు కూడా లేదు. నాన్న కింద నిలబడి అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నారు. మేం బతిమాలాం, తిట్టాం, ఒట్లు పెట్టాం. ఏదీ నీ చెవికెక్కలేదు. ఆ తర్వాత ఆసుపత్రిలో చేర్చాక ఆ బిళ్ల వచ్చింది. గోరంత తెల్ల బిళ్ల! ముందు నీ నిద్ర తెచ్చిచ్చింది, రెండు నెలలకి నిన్ను తెచ్చిచ్చింది. దాన్ని కనిపెట్టిన మహానుభావులెవరో, కనిపిస్తే కాళ్లమీద పడతాను. ఆరేళ్లుగా రోజూ టైముకి మింగుతున్న నిన్ను చూస్తే అంతకన్నా గర్వంగా ఉంటుందిరా.

అలాగని చెయ్యి పోగొట్టుకోమనడం లేదు. డాక్టరమ్మకి నోరు తెరిచి చెప్పు. ఆవిడేమీ పులి కాదు.

నీ అక్క

---

బంగారు అక్కా,

చూశావా ఈ చేతిరాత! గీత గీసి రాసినట్టు లేదూ? డాక్టరమ్మతో మాట్లాడేశాలే, అంతా సర్దుకుంది. నిన్న ఒక్కరోజే నాలుగు బోర్డులు రాశాను. మూడు గంటలు పడుకుంటే చాలు, గుర్రంలా లేస్తున్నాను. వీధి మొత్తం కొత్త బోర్డులు పెట్టించాలని ఉంది. అన్నట్టు నీళ్ల ట్యాంకు వెలిసిపోయింది, చూడలేకపోతున్నాను. ఎవరూ అడక్కపోయినా ఆదివారం నేనే రాసి పెడతాను. తలుచుకుంటేనే ఒళ్లు పులకరిస్తోంది!

నీ చక్కటి తమ్ముడు

---

ఒరేయ్ తమ్ముడూ,

నీ అక్షరాలు తిన్నగా ఉన్నాయి. ముత్యాల్లా ఉన్నాయి. కవరు చూడగానే నా గుండె జారిపోయింది.

చేతిరాతలు చూడ్డమే నా ఉద్యోగంరా. నీ పాత ఉత్తరం, ఇదీ రెండూ ఇందులో పెట్టాను. పక్కపక్కన పెట్టుకుని చూడు. మందు ఆపేశావు, అవునా? నాతో అబద్ధమాడావని కోపం లేదు. భయంగా ఉంది. ఫోను చేస్తే ఎత్తడం లేదు. మరదలితో మాట్లాడాను, ఈ ఉత్తరం నీ చేతికే ఇస్తుంది. వెంటనే తనతో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లు. నీ అంతట నువ్వు మళ్లీ మింగెయ్యకు, ఎలా మొదలుపెట్టాలో ఆవిడే చెప్పాలి. వెళ్లలేదో, ఆదివారం ట్యాంకు కింద నేను నిలబడతాను. నాన్నకి ఇంక అరిచే గొంతు లేదు.

వంకరటింకర అక్షరాలతో ఒక్క ఉత్తరం రాయరా. నాకు నిద్ర పట్టడం లేదు.

నీ అక్క

---

ప్రియమైన అక్కా,

నెల దాటింది, క్షమించు. ఇప్పుడే కుదురుగా కూర్చోగలుగుతున్నాను.

నీ ఉత్తరం వచ్చేసరికి నిచ్చెన వీధిలో పెట్టేశాను. నీ మరదలు దాని మెట్టుమీద కూర్చుని, చదివితేగానీ లేవనంది. విసుక్కుంటూ విప్పాను. మొదటి లైను దగ్గరే ఆగిపోయాను. చేతిరాత బాగుందని ఏడ్చే మనిషి లోకంలో ఇంకెవరుంటారే అక్కా! నిచ్చెన అక్కడే వదిలేసి నీ మరదలి వెంట నడిచాను.

డాక్టరమ్మ రెండు ఉత్తరాలూ బల్లమీద పరుచుకుని చూసింది. "మందు మానెయ్యడం తప్పే. ఆర్నెల్లు వణుకు దాచడం అంతకన్నా తప్పు. చెప్తే అప్పుడే సర్దేదాన్ని కదయ్యా!" అంది. ఆసుపత్రి మాటే ఎత్తలేదు. ఏ భయంతో దాచానో అదే ఉత్తిదని తేలింది. వారం వారం రక్తపరీక్ష చేయించి, మోతాదు కొంచెం తగ్గించి, వణుక్కి వేరే చిన్న బిళ్ల ఇచ్చింది. ఈసారి ఆ తెల్ల బిళ్లని చేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాను. ఇంత చిన్నది నన్ను ట్యాంకు దింపి ఇంట్లో కూర్చోబెట్టిందంటే దానికి దండం పెట్టాలనిపించింది.

మణికట్టు కింద కర్ర ఆనించుకుని, కళ్లజోళ్ల బోర్డు మళ్లీ రాశాను. ఓనరు ఈసారి కళ్లజోడు తుడుచుకోలేదు.

వణుకు పూర్తిగా పోలేదు. ఇందులో 'అక్కా' అని రాసిన చోటల్లా చూడు, గీత అటూ ఇటూ పోయింది. చింపేసి మళ్లీ రాద్దామనుకున్నాను. నీకు నిద్ర పట్టాలని అలాగే పంపిస్తున్నాను.

నీ కుంచెగాడు