సాయంత్రం రమ్మన్న పిలుపు

కమలాపురం

ప్రియా,

కల్లూరులో నీ కొత్త ఇంటి గృహప్రవేశానికి మేము రావడం లేదు.

నిన్న ఫోన్‌లో నువ్వు, "మీరు సాయంత్రం రాండి మే. పొద్దన మా అత్తోళ్లంతా ఉంటారు, నీకే ఇబ్బంది" అన్నావు. సరేనన్నాను. ఇరవై ఏళ్లుగా నాకది అలవాటే. నీ పెళ్లికి కూడా మీవాళ్ల భోజనాలయ్యాకే వచ్చాను.

కానీ ఈసారి పక్కనే ఉన్న నా కూతురు స్తుతి వింది. "మనం పొద్దన్నే పోతే ఏమయితాది అమ్మా?" అనింది. పదేళ్ల పిల్లకు మీ కులం, మా కులం అని చెప్పడానికి నోరు రాక వంటింట్లోకి వెళ్లిపోయాను.

నువ్వు చెడ్డదానివి కావు. కాలేజీ హాస్టల్లో మా అమ్మ పంపిన జొన్నరొట్టెలు నాకంటే ముందు తిన్నది నువ్వే. కడప ఆసుపత్రిలో ఆమె చివరి రోజుల్లో తల దువ్వి జడ వేసిందీ నువ్వే. అందుకే నిన్ను ఇన్నాళ్లూ వదులుకోలేకపోయాను. నేనొక్కదాన్నే అయితే ఇకముందూ అలాగే వచ్చేదాన్ని. నా బిడ్డకు మాత్రం అది నేర్పలేను.

నీకోసం కొన్న చీర కొరియర్‌లో పంపుతున్నాను. ఆ రోజు కట్టుకో.

దయచేసి ఫోన్ చేయొద్దు. నీ గొంతు వింటే మళ్లీ సాయంత్రానికి బయలుదేరతాను.

ఇట్లు,
స్తుతి వాళ్ల అమ్మ