ఉరకని గుండె

బాపూ,

నీ స్థానంలో తమ్ముడు కేసముద్రం మార్కెట్లో హమాలీగా చేరుతున్నాడు. వాడి నాడి కూడా నీలాగే నిదానమని ఈ రోజు మహబూబాబాద్ దవాఖానలో చూపించాను. డాక్టరమ్మ వాణ్ణి రెండంతస్తుల మెట్లెక్కించి మళ్ళీ నాడి చూసింది. వాడు బయట ఆయాసం తీర్చుకుంటుంటే నాతో చెప్పింది.

“కష్టం చేసేటోళ్ళ గుండె కూసున్నప్పుడు నిదానంగనే కొట్టుకుంటది. బరువెత్తితే మాత్రం ఉరకాలె. మీ తమ్మునిది ఉరికింది, ఫికర్ లేదు.”

“ఉరకకపోతే?” అన్నాను.

“గుండెకు వేగం చెప్పే జాగ పాడైనట్టు. ఛాతిల చిన్న మిషన్ పెడితే బతుకుతరు.”

నువ్వు బస్తాలు దించి రాగానే తోటి హమాలీలు చాయ్ పందెం కాసి నీ మణికట్టు పట్టుకునేవాళ్ళు. అందరి నాడీ దడదడలాడేది, నీది మాత్రం మారేది కాదు. “గుండె గాదుర, బండ” అని నవ్వేవాడివి. అన్నం తెచ్చిన నేను చప్పట్లు కొట్టేదాన్ని. నీకు కళ్ళు తిరిగితే ఎండ అనుకున్నాం. చివరికి బస్తా కిందే పోయావు. నీ దినాల నాడు కూడా ఆ పందేల సంగతే గొప్పగా చెప్పాను.

తిరిగొస్తుంటే ఆటోలో తమ్ముడు అడిగాడు. “అక్కా, నాది బాపుదంత గట్టి గుండె గాదా?”

“గాదు” అన్నాను.

వాడు చిన్నబుచ్చుకున్నాడు.