పదికి నాలుగు, లోపల ఆరు

అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. నా మోకాలు మినహా ఇక్కడ అందరం క్షేమం.

వచ్చే నెలతో నాకు కుట్టు కార్ఖానాలో కొలువు పూర్తవుతుంది. ముప్పై ఒక్క ఏళ్లు యూనిఫారాలు కత్తిరించిన నా బల్ల దగ్గర ఇకమీదట ఎవరు నిలబడాలో నేనే చెప్పాలట. నోటితో చెబితే చాలదు, మనిషికొక ఫారం నింపాలి. అందులో నాలుగు గళ్లు: స్కిల్, ఎబిలిటీ, కెపాసిటీ, కేపబిలిటీ. ఒక్కోదానికీ పదికి ఇన్నని మార్కులు వేయాలి. మా మేనేజరును అడిగితే, "అన్నీ ఒకటే మాస్టారూ, ఏదో ఒకటి వేసి పారేయండి" అన్నాడు. ఒకటే అయితే నాలుగు గళ్లు గీయడం ఎందుకు? పని లేకనా?

నా మనసులో ఉన్నది బొత్తాలక్క. పద్నాలుగేళ్లుగా మా దగ్గర బొత్తాలూ కాజాలే కుడుతోంది గానీ, ఆవిడ గుడ్డను చూసే చూపు కత్తెర పట్టాల్సిన మనిషి చూపు. ఈ ఫారాల్లో నేనేదో తప్పు రాసి ఆమె నోటి దగ్గర కూడు తీస్తానేమోనని భయంగా ఉంది. పిల్లలకు ఇంగ్లీషు చెప్పేదానివి, ఈ నాలుగింటికీ తేడా ఏమిటో నా మట్టి బుర్రకు ఎక్కేలా రాయి.

ఇట్లు,
పెదనాన్న

తా.క.: అందరి ఫారాలూ ఇచ్చారు గానీ మేనేజరుది మాత్రం ఇవ్వలేదు. అదొక్కటే నా బాధ.

* * *

పెదనాన్నకు,

నమస్కారాలు. మీ ఉత్తరం స్టాఫ్‌రూంలో చదివి పైకే నవ్వేశాను.

ఆ నాలుగూ దగ్గరి చుట్టాలే, కానీ ఒక ఇంట్లో కాపురం ఉండవు. స్కిల్ అంటే నేర్చుకుని, చేసి చేసి చేతికి పట్టుబడిన పని. బొత్తాలక్క కాజా కుట్టినట్టు. ఎబిలిటీ అంటే ఇప్పుడు, ఈ పూట చేయగలగడం. అది నేర్చుకున్నదైనా, పుట్టుకతో వచ్చిందైనా సరే. కెపాసిటీ అంటే ఎంత పడుతుందన్న లెక్క. సంచిలో ఎంత గుడ్డ పడుతుంది, మనిషి రోజుకు ఎంత పని మోయగలడు, అలా. కేపబిలిటీ అంటే చేయగల సత్తా లోపల ఉండటం, ఇంకా బయటపడకపోయినా సరే. అవకాశమిచ్చి నేర్పితే రేపు బయటికి వస్తుంది.

మా బడిలోనూ అచ్చం ఇలాంటి ఫారాలే ఇచ్చారు. ఇంగ్లీషు టీచర్లందరికీ పెద్దగా ఎవరినో ఒకరిని పెడతారట. నాది నింపి, సంతకం దాకా పెట్టి, చివర్లో ధైర్యం చాలక పక్కన పడేశాను. నలుగురిని నడిపించడం నా వల్ల ఎక్కడవుతుంది? మీకు నమూనాగా పనికొస్తుందని దాన్నే పంపుతున్నాను.

మీ
అమ్మాయి

తా.క.: నేను వేసుకున్న మార్కులు చూసి నవ్వకండి.

* * *

అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు చెప్పిన కేపబిలిటీ నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు! కుట్టు లోపల వదిలే గుడ్డే కదా అది? పిల్లల గౌనుకు అంచులో రెండంగుళాలు మడిచి కుడతాం. పైకి కనబడదు. ఒళ్లు పెరిగాక విప్పితే ఆ గౌనే ఇంకో రెండేళ్లు వస్తుంది. నా జన్మలో గుడ్డ చివరి దాకా సుద్దగీత గీసిన పాపాన పోలేదు.

మార్కులూ అదే పద్ధతిలో వేశాను. ఎవరికీ నిండా వేయలేదు. ఇక పెరగని వాళ్లకు ఏడు. కొంచెం పెరిగే వాళ్లకు ఆరు. బొత్తాలక్కకు నాలుగు గళ్లలోనూ నాలుగే! అందరికన్నా ఎక్కువ గుడ్డ ఆమెకే కదా వదలాలి. ఫారాలన్నీ నిన్ననే పంపేశాను. ఇంత బాగా కుదిరిన పని ఈ మధ్య నా చేతి మీద జరగలేదు.

ఇట్లు,
పెదనాన్న

తా.క.: నీ నమూనా చూశాను. నీకు నువ్వు అన్నిట్లోనూ నాలుగే వేసుకున్నావు. మన ఇంటి పనితనం ఎక్కడికి పోతుంది! ఎంత గుడ్డ దాచావే!

* * *

పెదనాన్నకు,

నమస్కారాలు పెట్టే ఓపిక కూడా లేదు. కొంప ముంచారు!

ఫారం చదివేవాళ్లు దర్జీలు కారు. వాళ్లకు పైన కనబడే గుడ్డే గుడ్డ, నాలుగంటే నాలుగే. బొత్తాలక్క ఎందుకూ పనికిరాదని మీ చేత్తో మీరే రాసిచ్చారు. మోకాలి నొప్పని ఇంట్లో కూర్చోకుండా వెంటనే వెళ్లి విషయం చెప్పండి.

మీ
అమ్మాయి

తా.క.: నా నాలుగులో దాచిందేమీ లేదు. నాకున్నదే అంత. ఆ ఫారం చింపేయండి.

* * *

అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. నీ ఉత్తరం కన్నా ముందే హెడ్డాఫీసు ఉత్తరం వచ్చింది. మా దగ్గర పనికొచ్చే మనుషులే లేరు కాబట్టి కటింగు బయటివాళ్లకు ఇచ్చేస్తారట. బుధవారం అక్కడి ఆఫీసరమ్మ వచ్చి బల్ల తీయిస్తుందని రాశారు.

అది విని బొత్తాలక్క నా దగ్గరికి వచ్చింది. "పద్నాలుగేళ్లు చూశారు కదా మాస్టారూ, నాకు నాలుగేనా?" అంది. ఇన్నేళ్లలో ఒక్కసారైనా నీ పని బాగుందమ్మా అని ఆమెతో అనలేదు. ఆ మాట కూడా లోపలే మడిచిపెట్టుకున్నాను. ఎంత తప్పు చేశానే!

బుధవారం ఆఫీసరమ్మ వచ్చింది. ఆవిడ వేసుకున్న కోటు మా కార్ఖానాలో కుట్టిందే. చంక దగ్గర బిగుతుగా ఉంది. "ఆ కోటు ఒక్క నిమిషం ఇప్పించండమ్మా" అని అడిగి తీసుకుని, అందరి ముందూ కుట్టు విప్పి, లోపల మడిచిన గుడ్డ చూపించాను. "నేను వేసిన మార్కులు ఇవమ్మా" అన్నాను. మేనేజరు నెత్తి పట్టుకున్నాడు. ఆవిడ మాత్రం ఆ మడతను వేలితో తడిమి, "సరే, అయితే విప్పి చూపించండి" అంది.

నర్సుల కోట్లకు తెచ్చిన గుడ్డ తాను బల్ల మీద పరిచి, కత్తెర బొత్తాలక్క చేతికిచ్చాను. ఆ తానులో నేను ఎప్పుడూ పదకొండు కోట్లు తీస్తాను. ఆమె చేతులు వణికాయి. కాసేపు గుడ్డను అలా చూస్తూ నిలబడింది. తరువాత కోటు చేతుల ముక్కలను అటు తిప్పి, కాలరు ముక్కలను ఆ సందుల్లో ఇరికించి గీత గీసి, కత్తెర వేసింది. పన్నెండు! ఎవరు నేర్పారని ఆఫీసరమ్మ అడిగితే, "ఎవరూ నేర్పలేదండీ. మాస్టారి ఎదురుగా కూర్చుని పద్నాలుగేళ్లు చూశాను" అంది. నాకు ఏడుపు ఆగలేదు. బల్ల ఎక్కడికీ పోవడం లేదు. ఒకటో తారీఖు నుంచి అది ఆమెది.

ఇట్లు,
పెదనాన్న

తా.క.: నీ ఫారం చింపమన్నావు. నాకు కత్తిరించడమే గానీ చింపడం రాదు. చివర్లో 'ఎరిగిన పెద్దలు నింపవలసినది' అని ఒక గడి ఖాళీగా ఉంది. నిన్ను నాకంటే ఎరిగిన పెద్ద ఎవరు? నింపేశాను. మీ బడి చిరునామా పైనే ఉంది కదా, పోస్టులో వేశాను.

* * *

పెదనాన్నకు,

నమస్కారాలు. మొదట మీ మీద చెప్పలేనంత కోపం వచ్చిందని తెలియజేసుకుంటున్నాను.

నిన్న మా హెడ్మిస్ట్రెస్ పిలిచి మీ గడి పైకి చదివి వినిపించారు. "ఈ పిల్ల వేసుకున్న మార్కులు పైకి కనబడే గుడ్డ మాత్రమే. మా మేనేజరుకు తెలియని నాలుగు ఇంగ్లీషు మాటలను ఒక్క ఉత్తరంతో ముసలి దర్జీకి నేర్పింది. దయచేసి విప్పి చూడగలరు." ఇంగ్లీషు టీచర్లను నడిపించే పని చేస్తావా అని ఆవిడ అడిగారు. నా వల్ల కాదండీ అనబోయాను. బొత్తాలక్క చేతులు వణికాయని మీరు రాసిన మాట గుర్తొచ్చింది. వణుకుతూనే కత్తెర పట్టిందిగా! చేస్తానన్నాను. సోమవారం నుంచి పని నాదే. భయంగానే ఉంది, కానీ సంతోషంగా కూడా ఉంది.

బొత్తాలక్కకు నా తరఫున అభినందనలు చెప్పండి. మీ మెప్పు కూడా ఈసారి లోపల మడిచిపెట్టుకోకుండా చెప్పండి.

మీ
అమ్మాయి

తా.క.: మీరు నాకు పదికి పదకొండు వేశారట. లెక్క తప్పింది కదా అన్నారు హెడ్మిస్ట్రెస్. "లేదండీ, సరిగ్గానే ఉంది. ఆ ఒకటీ లోపల మడవడానికి" అన్నాను.